ఈతకు మించిన లోతు



'ఈతకు మించిన లోతు లేదు, గోచికి మించిన దరిద్రం లేదు' అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఈత వచ్చినవాడికి నీరు నిలువెత్తు ఉన్నా ఒకటే, పది నిలువులు ఉన్నా ఒకటే అని దాని భావం. నీటి పైన తేలుతూ ఈదేవాడికి ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాని నీటి అడుగుదాకా దిగి, అక్కడ పని చేసుకొని, క్షేమంగా పైకి రావాలనుకునేవాడికి ఈ సామెత సరిపోదు. అక్కడ ఈతకు మించిన లోతు ఉంది. ఆ లోతును మనిషి ఎలా అర్థం చేసుకున్నాడు, అందులో బతికి బయటపడే విద్యను ఎలా సాధన చేశాడు, ఆ సాధన చరిత్ర హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల వాళ్లకు ఎందుకు కావాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

హోసూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. కడలి అలలు మనకు కనుచూపు మేరలో లేవు. మరి మనకెందుకీ సంగతి అని మీరు అనుకోవచ్చు. ఉప్పుదైనా చప్పదైనా నీటి స్వభావం ఒకటే. నంది కొండల దగ్గర పుట్టిన దక్షిణ పినాకిని, తమిళంలో తెన్‌పెణ్ణై, మన కెలవరపల్లి జలాశయాన్ని నింపి, కృష్ణగిరి ఆనకట్టను నింపి, కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ దారి పొడవునా చెరువులు, కపిల బావులు, గుడి కోనేర్లు ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు గ్రానైటు రాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు వాననీటితో నిండి ఉన్నాయి. వేసవి సెలవులు వచ్చాయంటే ఒక వార్త మన చెవిన పడుతూనే ఉంటుంది. ఒకరు మునిగారు, కాపాడబోయి ఇంకొకరు మునిగారు, ఆ ఇద్దరి కోసం దూకి మూడోవారూ పోయారు. సరిహద్దు జిల్లాల వాళ్లం కాబట్టి ఈ వార్తను మనం తెలుగులో విన్నాం, తమిళంలో చదివాం, కన్నడంలోనూ విన్నాం. ఏ భాషలో విన్నా కథ ఒకటే. దూకినవాళ్లకు ధైర్యం తక్కువై కాదు ఆ ప్రాణాలు పోయింది. మరి తక్కువైనదేమిటి? దానికి జవాబు చరిత్రలో ఉంది.

ముందుగా మన బావి దగ్గరే మొదలుపెడదాం. ఒకప్పుడు పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పిన బడి దిగుడు బావి. నడుముకు ఎండు సొరబుర్రలో, జీలుగు బెండ్లో కట్టి పెద్దవాళ్లు నీళ్లలోకి దింపేవారు. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క బెండు విప్పేసేవారు. చివరికి పిల్లవాడు బెండు లేకుండానే తేలేవాడు. తరువాత మెట్టు మీదినుంచి దూకడం, ఆపైన ఒడ్డుమీదినుంచి దూకడం, చివరగా అడుగుకు పోయి గుప్పెడు మట్టి తెచ్చి చూపడం. మట్టి తెచ్చినవాడే మొనగాడు. ఈ పద్ధతిలో ఒక గొప్ప సూత్రం ఉంది. కష్టాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, పక్కన పెద్దవాళ్లు ఉండగా, ఒక మెట్టు పూర్తిగా వచ్చాకే తరువాతి మెట్టు ఎక్కించడం. నేటి స్కూబా పాఠశాలలు ప్రపంచమంతటా చేస్తున్నదీ ఇదే. కాని బావి చెప్పని పాఠాలు కొన్ని ఉన్నాయి. వాటిని నేర్చుకోవడానికి మనిషి సముద్రానికి పోవలసి వచ్చింది.

మన తమిళ తీరంలోనే తూత్తుకుడి ఉంది. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం మునిగే వృత్తి అక్కడ రెండు వేల ఏళ్లకు పైబడినది. పాండ్య రాజుల కొర్కై రేవు ముత్యాల గురించి సంగ సాహిత్యం చెప్పింది, గ్రీకు, రోమను రచయితలు చెప్పారు. 13వ శతాబ్దంలో వచ్చిన మార్కో పోలో ఆ మునకలను వర్ణించాడు. ప్రభుత్వ ఆధ్వర్యంలో జరిగిన చివరి ముత్యాల వేట 1961లో ముగిసింది.

ఆ మునకవాళ్లు ఏ సాధనమూ లేకుండా దిగేవారు. ఒక తాడుకు పదిహేను ఇరవై కిలోల రాయి కట్టి ఉండేది. దానిమీద కాలు పెట్టి, ముక్కు మూసుకొని, రాయి బరువుతో నేరుగా అడుగుకు చేరేవారు. దిగడానికి ఈత కొడితే ఊపిరి ఖర్చవుతుంది, రాయి దించితే ఖర్చు కాదు. అడుగున చేతికందినన్ని చిప్పలు బుట్టలో వేసుకొని, తాడు లాగి సైగ చేసేవారు. పైనున్న మనిషి లాగేసేవాడు. అయిదారు మొదలు పది బారల లోతులో, సుమారు ఒక నిమిషం సేపు సాగే పని ఇది. ఒక రాయికి ఇద్దరు. ఒకడు మునిగినప్పుడు రెండోవాడు పడవలో ఊపిరి తీసుకొని అలసట తీర్చుకునేవాడు.

తాడు పట్టేవాడు ఎవరు అన్నది అక్కడ చిన్న విషయం కాదు. బావమరిదికే ఆ తాడు అప్పగించేవారని తమిళనాట చెప్పుకుంటారు. అక్కచెల్లెలి పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడును ఏమరడు కదా! ఆ మాటలో ఎంత సరసం ఉందో అంత శాస్త్రమూ ఉంది. నీటి కింద మనిషి ఒంటరి కాకూడదు, అతని ఊపిరిని లెక్కపెట్టే కన్ను ఒకటి పైన ఉండాలి. ఈ నియమాన్ని నేటి డైవర్లు 'జోడీ నియమం' అంటారు. జోడీ లేకుండా దిగవద్దని మొదటి రోజే చెబుతారు. తూత్తుకుడి మునకవాళ్లకు ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు, తరాల సాధన చెప్పింది.

మరి వాళ్లు ఒక నిమిషానికే ఎందుకు ఆగిపోయారు? గాలిని వెంట తీసుకుపోలేక. గాలిని నీటి కిందికి పంపాలన్న కోరిక మనిషికి చాలా పాతది. 1691లో ఎడ్మండ్ హాలీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, తోకచుక్కకు పేరిచ్చిన హాలీయే, బోర్లించిన గంట ఆకారపు పెద్ద తొట్టిలో మనుషులను కూర్చోబెట్టి పది బారల లోతుకు దించాడు. పీపాలలో గాలి నింపి వాళ్లకు పంపుతూ, గంటకు పైగా వాళ్లను అడుగున ఉంచగలిగాడు. ఇంట్లో ఒక గ్లాసును బోర్లించి నీళ్ల తొట్టిలో నిలువుగా ముంచి చూడండి. లోపల గాలి నిలిచి ఉంటుంది. హాలీ తొట్టి రహస్యం అంతే.

ఆ గ్లాసును ఇంకా ఇంకా లోతుకు ముంచితే ఏమవుతుంది? లోపలి గాలి కుంచించుకుపోతుంది. దీని లెక్క 1662లోనే రాబర్ట్ బాయిల్ చెప్పాడు. ఒత్తిడి రెట్టింపైతే గాలి పరిమాణం సగమవుతుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ గాలి మండలమంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. అంటే 10 మీటర్ల లోతున ఒత్తిడి రెండు రెట్లు, 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. బావిలో రెండు మూడు మీటర్లు దిగగానే చెవుల్లో పోటు పుట్టేది ఇందుకే. కర్ణభేరి బయట ఒత్తిడి పెరిగింది, లోపల పెరగలేదు. ముక్కు మూసి మెల్లగా ఊది లోపలి ఒత్తిడిని సమం చేసుకునే ఉపాయానికి, 18వ శతాబ్దం ఆరంభంలో దాన్ని వివరించిన ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరు నిలిచిపోయింది. స్కూబా నేర్చుకునేవాడు నీటి కింద మొదటగా అలవాటు చేసుకునేది ఇదే. నొప్పి పుట్టాక చేస్తే ఆలస్యం. నొప్పి రాకముందే, దిగుతున్న ప్రతి మీటరుకూ చేయాలి. జలుబు చేసినవాడు ఆ రోజు దిగనే కూడదు.

19వ శతాబ్దంలో పనిముట్టు బాగా మారింది. 1830లలో లండనులో అగస్టస్ సీబే, రాగి శిరస్త్రాణం, రబ్బరు పూసిన దుస్తులు, పైనుంచి పంపు ద్వారా గాలి, ఇవన్నీ ఒకటిగా కూర్చాడు. మనుషులు ఇప్పుడు గంటల తరబడి అడుగున ఉండగలిగారు. అప్పుడే ఒక వింత జబ్బు బయటపడింది. కింద బాగానే పనిచేసినవాడు పైకి వచ్చిన కాసేపటికి కీళ్లు పట్టేసి మెలికలు తిరిగిపోయేవాడు. కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు. వంతెనల పునాదుల కోసం నది అడుగున ఒత్తిడి గాలి నింపిన గదుల్లో పనిచేసే కూలీలకూ అదే జబ్బు వచ్చింది. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్‌కు 1872లో ఆ జబ్బు సోకి మంచం పట్టాడు. ఆయన సూచనలను భార్య ఎమిలీ రోజూ పనిచోటికి చేరవేస్తూ వంతెన పూర్తి చేయించింది. అది 1883లో ప్రారంభమైంది.

1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ దీని గుట్టు విప్పాడు. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజని. ఒత్తిడిలో అది రక్తంలో, కండలో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే, సోడా సీసా మూత తీసినప్పటిలా బుడగలై బయటికి వస్తుంది. మెల్లగా వస్తే ఊపిరితిత్తుల గుండా నెమ్మదిగా వెళ్లిపోతుంది. ఎంత మెల్లగా రావాలో లెక్క కట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిషు నౌకాదళం కోసం ఆయన మేకల మీద పరీక్షలు జరిపి, ఏ లోతునుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ రావాలో 1908లో పట్టికలు ప్రకటించాడు. నేటి డైవర్ల మణికట్టు మీద ఉండే చిన్న కంప్యూటరు ఆ పట్టికల మనుమడే.

ఈ హాల్డేన్ కుమారుడు మనకు పరాయివాడు కాదు. జె.బి.ఎస్. హాల్డేన్ అనే ఆ మహా జీవశాస్త్రవేత్త 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, మన పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వరులో కన్నుమూశాడు. ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. 1939లో 'థీటిస్' అనే బ్రిటిషు జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగి 99 మంది చనిపోయారు. లోపలున్నవాళ్లు బయటికి రావడానికి సాధనాలు ఉండి కూడా నలుగురే ఎలా బతికారో తెలుసుకోవడానికి హాల్డేన్ తానే మూసిన గదిలో కూర్చొని, తన ఊపిరితో చెడిన గాలినే పీలుస్తూ చూశాడు. బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ తలనొప్పి, ఆయాసం, చివరికి బుద్ధి మందగించడం. తెలిసిన పనినే చేతులు చేయలేకపోవడం. ప్రమాదంలో మనిషి తెలివి ఇలా జారిపోతుందని, కాబట్టి చేయవలసిన పని తెలివితో నిమిత్తం లేకుండా చేతులకు వచ్చి ఉండాలని ఆ పరీక్షనుంచి మనం నేర్చుకోవచ్చు.

ఈ బొగ్గుపులుసు వాయువు మన బావుల్లోనూ ఉంది. ఏళ్ల తరబడి వాడని బావిలో, ఆకులు కుళ్లిన పాడు బావిలో అది అడుగున చేరుతుంది. గాలి కన్నా బరువైనది కాబట్టి పైకి పోదు. పూడిక తీయడానికి దిగిన మనిషి కూలబడతాడు, పట్టుకోబోయి దిగినవాడూ కూలబడతాడు. మన పెద్దలు ముందుగా దీపం దింపి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. మంచి జాగ్రత్తే. కాని దీపం ఆరనంత మాత్రాన బావి క్షేమమని కాదు, కొన్ని విషవాయువులు దీపాన్ని ఆర్పవు, కొన్ని అంటుకుంటాయి. ఇప్పుడు వాయువును కొలిచే పరికరాలున్నాయి, అగ్నిమాపక దళం దగ్గర గాలి సిలిండర్లున్నాయి. అవి వచ్చేదాకా ఆగడమే ధర్మం.

ఇక స్కూబా దగ్గరికి వద్దాం. ఈ మాటను 1950ల ఆరంభంలో అమెరికా వైద్యుడు క్రిస్టియన్ లాంబర్ట్‌సెన్ వాడుకలోకి తెచ్చాడు. తన గాలిని తానే మోసుకుపోయే నీటి అడుగు శ్వాస సాధనం అని దాని తాత్పర్యం. సాధనం అంతకుముందే వచ్చింది. 1943లో, యుద్ధం నడుమ, ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కుస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాన్ కలిసి ఒక కవాటం తయారుచేశారు. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో గ్యాసుతో కార్లు నడపడానికి గన్యాన్ చేసిన కవాటమే దానికి మూలం. డైవరు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అతనున్న లోతుకు తగిన ఒత్తిడితో అది గాలి ఇస్తుంది. పైనుంచి గొట్టం అక్కరలేదు, పంపు కొట్టేవాళ్లు అక్కరలేదు. తూత్తుకుడి మునకవాడి స్వేచ్ఛ, హాలీ తొట్టి గాలి రెండూ ఒకేసారి మనిషికి దొరికాయి. 1956లో కుస్తో తీసిన 'నిశ్శబ్ద ప్రపంచం' చలనచిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో అగ్ర బహుమతి వచ్చింది. లోకమంతా నీటి కింది ప్రపంచాన్ని తెరపై చూసింది.

అయితే కొత్త సాధనం కొత్త చావులను కూడా తెచ్చింది. దుకాణంలో సిలిండరు కొనుక్కొని సముద్రంలో దిగినవాళ్లకు పాత మునకవాళ్ల అలవాటు ఒకటి ప్రాణాంతకమైంది. ఊపిరి బిగపట్టడం! పైనుంచి గాలి పట్టుకొని దిగినవాడు బిగపట్టి పైకి వస్తే ఏమీ కాదు. కిందనే ఒత్తిడి గాలి పీల్చినవాడు బిగపట్టి పైకి వస్తే, 10 మీటర్లనుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి. భయపడినప్పుడు ఎవరైనా చేసే పనులు రెండు. ఊపిరి బిగపట్టడం, పైకి పరుగెత్తడం. నీటి కింద ఆ రెండూ కలిస్తే చావే. కన్నతల్లిలా మనల్ని నేలమీద కాపాడే సహజ గుణం అక్కడ శత్రువవుతుంది.

ఈ శత్రువును జయించడానికే శిక్షణ పుట్టింది. 1953లో బ్రిటనులో డైవర్ల సంఘం ఏర్పడింది. 1950లలోనే కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలకూ, తరువాత సామాన్య ప్రజలకూ క్రమబద్ధమైన పాఠాలు మొదలయ్యాయి. 1959లో కుస్తో అధ్యక్షుడుగా అంతర్జాతీయ సమాఖ్య, 1966లో అమెరికాలో నేటికీ పెద్దదైన శిక్షణ సంస్థ పాడీ వచ్చాయి. వీటి పాఠాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందు ఛాతీ లోతు కొలను, తరువాత లోతైన కొలను, ఆపైనే సముద్రం. మన సొరబుర్రల పద్ధతే!

ఆ కొలనులో చేయించే పనులు చూడడానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. కళ్లజోడులోకి కావాలని నీళ్లు పోనిచ్చి, తల కొంచెం పైకెత్తి, పై అంచు నొక్కి, ముక్కుతో ఊది ఆ నీళ్లు బయటికి పంపాలి. నోటిలోని గాలి గొట్టాన్ని తీసి వదిలేసి, చేయి వెనక్కు తిప్పి దాన్ని వెతికి పట్టుకొని మళ్లీ నోట పెట్టుకోవాలి. ఆ కొద్ది క్షణాలూ సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. జోడీకి గాలి అయిపోయిందని నటిస్తే, తన రెండో గొట్టం అందించి ఇద్దరూ కలిసి పైకి రావాలి. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి వస్తూ, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఇవన్నీ ఒకసారి చేసి చూపితే సరిపోదు. మళ్లీ మళ్లీ చేయాలి. విసుగు పుట్టేదాకా చేస్తే, విసుగు పుట్టిన చోట భయం నిలవదు.

అన్నిటికంటె కష్టమైనది కదలకుండా నిలవడం. నీటి మధ్యలో, పైకి తేలకుండా, కిందికి మునగకుండా, పద్మాసనం వేసుకున్నట్టు ఉండగలగాలి. చేతులు ఆడించకూడదు. ఊపిరి పీల్చితే జానెడు లేస్తాడు, వదిలితే జానెడు దిగుతాడు. బరువు సరిగ్గా కట్టుకోవడం, ఊపిరి నెమ్మదిగా ఆడించడం, రెండే రహస్యాలు. కొత్తవాడు ఒక సిలిండరు గాలిని అరగంటలో ఊదేస్తే, చేయి తిరిగినవాడు అదే గాలితో ఇంకా ఎంతోసేపు ఉంటాడు. బలం వల్ల రాదు ఆ తేడా, నెమ్మది వల్ల వస్తుంది. మంచి డైవరును అతను చేసే విన్యాసాల వల్ల గుర్తుపట్టలేం. ఎంత తక్కువ కదులుతాడో చూసి గుర్తుపట్టాలి.

ఈ విద్య తెలుగువారి చరిత్రలోనూ తన పాత్ర పోషించింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం రేవు ముఖద్వారానికి కొద్ది దూరంలో పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్నదానిపై ఇరు దేశాల కథనాలు వేరు. కాని మునిగినది ఘాజీయే అని తేల్చినవాళ్లు మన నౌకాదళ డైవర్లు. ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన 'నిస్తార్' అనే సహాయక నౌక ఆ పనిలో పాలుపంచుకుంది. ఆ నౌక 1989లో సెలవు తీసుకుంది. అదే పేరుతో, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టిన కొత్త 'నిస్తార్' 2025 జూలై 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను పనికి పంపగల నౌక అది. ఘాజీ మునిగిన రేవులోనే, మునిగినవారిని కాపాడే నౌక తయారు కావడం మనం గర్వించదగిన సంగతి.

గోదావరిలో మరో కథ. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న విహార పడవ కచ్చులూరు దగ్గర మునిగి పదుల సంఖ్యలో ప్రయాణికులు చనిపోయారు. వరద గోదావరి సుడులలో, బురద నీటిలో, పడవ ఎక్కడో లోతున చిక్కుకుంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో రోజుల తరబడి ప్రయత్నించింది. వరద పెరిగితే ఆపింది, తగ్గితే మళ్లీ మొదలుపెట్టింది. చివరికి విశాఖనుంచి వచ్చిన డైవర్లు నీటిలో దిగి పడవకు తాళ్లు బిగించగా, అక్టోబరు 22న, 38వ రోజున, పడవ ఒడ్డుకు చేరింది. తమవారి ఆనవాలైనా దొరుకుతుందా అని గట్టున కూర్చున్న కుటుంబాలకు ఆ రోజు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. కన్ను పొడుచుకున్నా కనిపించని ఆ నీటిలో పనిచేసింది చేతివేళ్ల జ్ఞాపకం.

ఇంతకన్నా పెద్ద పాఠం 2018లో థాయిలాండు చెప్పింది. ఆ ఏడాది జూన్ 23న పన్నెండుమంది ఫుట్‌బాల్ పిల్లలు, వారి శిక్షకుడు థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లాక వాననీరు దారి మూసేసింది. ఆ దేశపు నౌకాదళంలో మేటి డైవర్లున్నారు. బలానికి, తెగువకు వాళ్లకు లోటు లేదు. కాని వాళ్లు సాధన చేసినది తెరపి సముద్రంలో. ఇరుకు గుహలో, బురద నీటిలో, పైన ఆకాశం లేనిచోట కాదు. గాలి సిలిండర్లు చేరవేసి తిరిగివస్తూ మాజీ నౌకాదళ డైవరు సమాన్ గునాన్ జూలై 6న ప్రాణం కోల్పోయాడు. పిల్లలను జూలై 2న కనుగొన్నవారు ఇద్దరు బ్రిటిషువారు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్. ఒకరు అగ్నిమాపక దళంలో పనిచేసి విరమించినవారు, ఇంకొకరు కంప్యూటరు ఉద్యోగి. సెలవు రోజుల్లో ఏళ్ల తరబడి చీకటి గుహల్లో మునకలు వేసి ఆ ఒక్క విద్యనే సాధన చేసినవాళ్లు. జూలై 8నుంచి 10లోగా పిల్లలందరూ, శిక్షకుడూ క్షేమంగా బయటికి వచ్చారు. సమాన్ త్యాగం ముందు లోకం తలవంచింది, వంచాలి కూడా. అయితే ఏ నీటికి ఆ నీటి సాధన వేరు అన్న సత్యమూ ఆ గుహ చెప్పింది. చెరువులో మొనగాడు క్వారీ గుంతలో మొనగాడు కానక్కరలేదు.

ఇప్పుడు మన ఊరికి తిరిగి వద్దాం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఎక్కడ చూసినా వీరగల్లులు కనిపిస్తాయి. ఊరి పశువుల కోసమో, ఊరివాళ్ల కోసమో ప్రాణమిచ్చినవాళ్ల రాళ్లవి. ఎవరైనా నీటిలో మునుగుతుంటే చూస్తూ ఊరుకోలేక దూకే గుణం మనకు ఆ పూర్వులనుంచే వచ్చిందేమో. ఆ గుణం పోకూడదు. దానికి విద్య తోడవాలి. మునిగేవాడు చేతికందినదాన్ని మెడ విరిగేలా పట్టుకుంటాడు, అది అతని తప్పు కాదు, భయం గుణం. అందుకే ముందు దూకవద్దు. తాడు విసరండి, వెదురు గడ అందించండి, పంచె, చీర, ఖాళీ బిందె, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా ఏదైనా తేలేది వేయండి, కేకలు వేసి మనుషులను పిలవండి. 112కో, అగ్నిమాపక దళం 101కో ఫోను చేయించండి. క్వారీ గుంత గోడలు నిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి మెట్టు ఉండదు, అడుగున ఏముందో కనపడదు. దాని దగ్గర ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. బావిలో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పందెం కాస్తారు. పందెం గెలవడానికి ముందుగా గబగబా పదిసార్లు ఊపిరి తీస్తారు. అలా చేస్తే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీయమని మెదడుకు హెచ్చరిక చేసేది ఆ వాయువే. హెచ్చరిక రాకముందే ప్రాణవాయువు అడుగంటి, పిల్లవాడు నీటి కిందే సొమ్మసిల్లుతాడు. ఈత బాగా వచ్చినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. ఈ పందెం మాన్పించండి. దాని బదులు తేలడం నేర్పండి, వెల్లకిలా పడుకొని నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పండి. సముద్రం చూడాలన్న కోరిక ఉన్న యువతీయువకులకు స్కూబా ఇప్పుడు అందని ద్రాక్ష కాదు. పొరుగునున్న బెంగళూరు ఈతకొలనుల్లో తొలి పాఠాలు చెప్పేవారున్నారు. పుదుచ్చేరిలో, విశాఖ రుషికొండలో, అండమానులో సముద్రపు పాఠాలున్నాయి. వైద్య పరీక్ష చేయించుకొని, అర్హత ఉన్న గురువు దగ్గరే నేర్చుకోవాలి. పట్టా చేతికి వచ్చాక ఏడాదిపాటు నీటి మొహం చూడకపోతే, మళ్లీ కొలనులో దిగి మొదటి పాఠంనుంచి ఒకసారి చేసి చూసుకోవాలి. చేతులు మరిచిపోయినదాన్ని పట్టా గుర్తుచేయదు.

ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీట మునిగి చనిపోవడాన్ని నివారించే దినంగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే లోకంలో సుమారు 3 లక్షలమంది అలా చనిపోయారు. ఏటా ఆ రోజున మన బళ్లలో, పంచాయతీలలో ఒక గంట ఈ విషయానికి కేటాయిస్తే, ప్రతి బావి గట్టునా ఒక తాడు, ఒక గడ వేలాడదీస్తే, ఏదో ఒక ఇంట ఒక పిల్లవాడు సాయంత్రం అన్నానికి తిరిగి వస్తాడు.

శ్రోతలారా, మన సామెతను పెద్దలు తప్పు చెప్పలేదు. ఈతకు మించిన లోతు లేదన్నప్పుడు వాళ్ల దృష్టిలో ఈత అంటే కాళ్లు చేతులు ఆడించడం ఒక్కటే అయి ఉండదు. నీటి గుణం తెలియడం, తన హద్దు తెలియడం, తాడు పట్టేవాణ్ణి పైన నిలపడం, ఇవన్నీ కలిస్తేనే ఈత. అంతటి ఈత నేర్చినవాడికి లోతు భయం లేదు. అది నేర్చుకునే దారి సొరబుర్రనుంచి స్కూబాదాకా ఒక్కటే. కొంచెం కొంచెంగా, పెద్దల కళ్లెదుట, ప్రతిరోజూ సాధన.